పళ్లు లేని గేరుబాక్సు

అమెరికాలో ఊరి శివారు ఇళ్లకు ఎకరం, రెండెకరాల పెరడు ఉండటం మామూలే. అంత జాగాలో గడ్డి కోయడానికి, చలికాలం వాకిట్లో మంచు తోయడానికి, వెనకవైపు నాలుగు కూరగాయ మళ్లు దున్నుకోవడానికి అక్కడి కంపెనీలు 1960, 70ల్లో ఒక బుల్లి ట్రాక్టరును తయారుచేసి అమ్మాయి. దాని పేరు గార్డెన్ ట్రాక్టర్. సాధారణంగా ఒక్క సిలిండరు ఇంజిను, పది నుంచి పదహారు హార్స్ పవర్, ఒళ్లంతా దిట్టమైన ఇనుము. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ చాకిరీ చేస్తున్న బళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక రకానికి మోజు ఎక్కువ. క్లచ్ తొక్కి గేరు మార్చే పనే లేకుండా, ఒక్క లీవరుతో ముందుకూ వెనక్కూ నడిచే 'హైడ్రోస్టాటిక్' రకం అది. పాతబళ్ల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని ముద్దుగా 'హైడ్రో' అంటారు. దాని కడుపులో ఏముందో, దానికి ఏది పడుతుందో, ఏది పడదో చెప్పే విశేషాలివి.

నూనే గేరు

ఇంజిను తిరిగితే దానితోపాటు ఒక పంపు తిరుగుతుంది. పంపులో రివాల్వర్ గూళ్లలా రంధ్రాలున్న ఒక దిమ్మ, ఒక్కో రంధ్రంలో ఒక్కో చిన్న పిస్టను ఉంటాయి. పిస్టన్ల కాళ్లన్నీ ఒక పళ్లెం మీద ఆనుకుని ఉంటాయి. ఆ పళ్లేన్ని స్వాష్ ప్లేట్ అంటారు. పళ్లెం నిటారుగా ఉంటే పిస్టన్లు ఊరికే గుండ్రంగా తిరుగుతాయి, చుక్క నూనె కదలదు. కాస్త వాల్చామా, ప్రతి చుట్టులో ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ కదిలి నూనెను తోస్తాయి. ఆ నూనె పక్కనే ఉన్న మోటారులోకి పోయి దాన్ని తిప్పుతుంది, మోటారు చక్రాలను తిప్పుతుంది. పళ్లేన్ని రెండోవైపు వాలిస్తే నూనె ఎదురుదారి పడుతుంది, బండి వెనక్కి నడుస్తుంది. డ్రైవరు చేతిలోని లీవరు చేసేదల్లా ఆ పళ్లేన్ని వాల్చడమే. చివర్న చక్రాల దగ్గర డిఫరెన్షియల్ పళ్లచక్రాలు మామూలే. వేగం మార్చేది మాత్రం నూనె.

ఆరున్నర లీటర్ల నూనె, నిమిషానికి 54 లీటర్ల పని

ఆ రోజుల్లో చాలా గార్డెన్ ట్రాక్టర్లలో వాడింది సండ్‌స్ట్రాండ్ కంపెనీవాళ్ల '15 సిరీస్' పంపు. పేరులోని 15 ఎక్కడిదంటే, పళ్లెం పూర్తిగా వాలినప్పుడు పంపు ఒక్క చుట్టుకు తోసే నూనె 15 సీసీ. ఇంజిను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుంది. పంపు కూడా అంతే వేగంతో తిరిగితే నిమిషానికి 54 లీటర్లు. కబ్ క్యాడెట్ అనే పాత హైడ్రో బండిలో పట్టే నూనె మాత్రం దాదాపు ఏడు అమెరికన్ క్వార్టులు, అంటే ఆరున్నర లీటర్లు. ఒక బిందెకు సరిపడా కూడా లేని నూనె రోజంతా అదే దారిలో పరుగులు తీస్తూ ఉంటుందన్నమాట. అది మురికిదైతే బండికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకటి తోస్తుంది, ఇంకోటి విసురుతుంది

ఆటోమేటిక్ కార్లలో ఉండే టార్క్ కన్వర్టర్ కూడా నూనెతోనే నడుస్తుంది కదా, రెండూ ఒకటేనా? కాదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో పేటెంటు పొందిన ఆ పద్ధతిలో ఒక రెక్కలచక్రం నూనెను వేగంగా విసురుతుంది, రెండో చక్రం ఆ విసురుకు తిరుగుతుంది. అక్కడ పని చేసేది వేగం. హైడ్రోస్టాటిక్‌లో పని చేసేది ఒత్తిడి. మొదటిది గాలిమర లాంటిదైతే రెండోది ఇంజక్షన్ సూది వెనక బొటనవేలు లాంటిది. కారు టైరులో గాలి 30, 35 పీఎస్ఐ ఉంటుంది. హైడ్రో బండి ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి నూనె ఒత్తిడి వెయ్యి పీఎస్ఐ పైమాటే.

యుద్ధనౌక నుంచి పెరట్లోకి

వాలే పళ్లెం ఆలోచన గడ్డి కోయడానికి పుట్టింది కాదు. అమెరికా నౌకాదళానికి చెందిన యూఎస్‌ఎస్ వర్జీనియా మీద ఫిరంగులను పైకెత్తడానికి, దించడానికి 1906లో నూనెతో నడిచే ఇలాంటి ఏర్పాటే పెట్టారు. దాన్ని రూపొందించినవాళ్లు హార్వీ విలియమ్స్, రేనాల్డ్ జేనీ. అంతకుముందు హైడ్రాలిక్ యంత్రాలు ఎక్కువగా నీటితో నడిచేవి. 1795లో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్న ప్రెస్సు కూడా నీటిదే. నీరు గడ్డకడుతుంది, తుప్పు పట్టిస్తుంది, జారుడు ఉండదు. నూనె వచ్చాక ఆ మూడు బాధలూ తీరాయి. అలలమీద ఊగే ఓడలో భారీ ఫిరంగులను అంగుళం అంగుళం చొప్పున నిమ్మళంగా కదిలించిన సూత్రమే ఇవాళ పూలమొక్కకు చెయ్యంత దూరంలో బండిని ఆపుతోంది.

విమానం చుట్టం

సండ్‌స్ట్రాండ్ కంపెనీ ట్రాక్టర్లవాళ్లకంటే విమానాలవాళ్లకే బాగా తెలుసు. విమానం ఇంజిను వేగం క్షణక్షణం మారుతుంది. చాలా విమానాల్లో లోపలి కరెంటు మాత్రం 400 హెర్ట్‌జ్ దగ్గర నిలకడగా ఉండాలి. ఇంజిను ఎంత వేగంతో తిరిగినా జనరేటరును ఒకే వేగంతో తిప్పే పరికరం కావాలి. అందులోనూ ఉన్నది పంపు, మోటారు, వాలే పళ్లెమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన భారీ బీ-36 బాంబరు విమానంలో సండ్‌స్ట్రాండ్ చేసిన ఆ పరికరాలే ఉన్నాయి. ట్రాక్టరులో డ్రైవరు కోరినట్టు వేగాన్ని మార్చే పళ్లెం, విమానంలో వేగం మారకుండా కాపలా కాస్తుంది.

జెట్ ట్రాక్టరు

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో హెచ్‌టీ-340 అనే ప్రయోగాత్మక ట్రాక్టరును చూపించింది. అందులో ఉన్నది డీజిల్ ఇంజిను కాదు, 80 హార్స్ పవర్ గ్యాస్ టర్బైను. టర్బైను విపరీతమైన వేగంతో తిరుగుతుంది, మామూలు గేర్లతో పొలంలో నడపడం తలనొప్పి. అందుకని హైడ్రోస్టాటిక్ అమర్చారు. టర్బైను చెవులు చిల్లులు పడేలా అరిచేది, ఇంధనం తెగ తాగేది. దాని కథ అక్కడితో ముగిసింది. హైడ్రోస్టాటిక్ మాత్రం బతికి బట్టకట్టింది. ఆ దశాబ్దం నడుమ అదే కంపెనీ కబ్ క్యాడెట్ 123 అనే గార్డెన్ ట్రాక్టరులో, 1967లో 656 హైడ్రో అనే పొలం ట్రాక్టరులో అది అమ్మకానికి వచ్చింది. టర్బైను ట్రాక్టరు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు.

ఒకే రాష్ట్రం, ఇన్ని పేర్లు

పాత గార్డెన్ ట్రాక్టర్ల పుట్టిళ్లు వెదికితే విస్కాన్సిన్ రాష్ట్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. జాన్ డీర్ బుల్లి ట్రాక్టర్లు హోరికాన్‌లో, బోలెన్స్, సింప్లిసిటీ రెండూ పోర్ట్ వాషింగ్టన్‌లో, తర్వాత కేస్ కంపెనీ కొనేసిన కోల్ట్ విన్నెకోన్‌లో తయారయ్యేవి. చాలా బళ్లకు ఇంజిను ఇచ్చిన కోలర్ కంపెనీదీ అదే రాష్ట్రం. కంపెనీ పేరే ఊరి పేరు. కబ్ క్యాడెట్ మాత్రం కెంటకీలోని లూయివిల్‌లో, వీల్ హార్స్ ఇండియానాలోని సౌత్ బెండ్‌లో పుట్టాయి.

చీరకు తగ్గ జాకెట్టులా

జాన్ డీర్ అంటే ఆకుపచ్చ, పసుపు. 1969లో ఆ కంపెనీ తన సంప్రదాయాన్ని కాస్త పక్కనపెట్టి 'పాటియో' వరస తెచ్చింది. ట్రాక్టరు ఒళ్లంతా తెలుపు, బానెట్టుకూ సీటుకూ మాత్రం ఎరుపు, నారింజ, పసుపు, నీలం రంగుల్లో మీకు నచ్చింది. ఇంటి రంగుకు ట్రాక్టరు రంగు నప్పాలన్నది ఆలోచన. కొన్నవాళ్లు తక్కువ. మూడేళ్లలోపే ఆ వరస ఆగిపోయింది. అప్పుడు వద్దనుకున్న ఆ రంగులకోసమే ఇప్పుడు సేకర్తలు కాళ్లరిగేలా తిరుగుతున్నారు. 1968లో వచ్చిన ఆ కంపెనీ తొలి హైడ్రో గార్డెన్ ట్రాక్టరు '140' కూడా ఈ రంగుల్లో దొరికేది. కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: బానెట్టుకు వేసిన కొత్త రంగు చూసి మురిసేముందు డిప్‌స్టిక్ బయటికి తీసి నూనె రంగు చూడాలి.

చూడ్డానికి హైడ్రో, కానీ కాదు

కేస్ కంపెనీ 1964లో కోల్ట్‌ను కొన్నాక తెచ్చిన గార్డెన్ ట్రాక్టర్లూ నూనెతోనే నడుస్తాయి, వాటికీ ఒక్క లీవరే. అయినా వాటిని హైడ్రోస్టాటిక్ అనకూడదు. వాటిలో వాలే పళ్లెం లేదు. మామూలు గేరు పంపు ఎప్పుడూ ఒకే కొలత నూనె తోస్తుంది. చక్రాల మోటారుకు ఎంత పంపాలో, ఎంత వెనక్కి మళ్లించాలో ఒక వాల్వు తేలుస్తుంది. ఈ పద్ధతికి ఒక లాభముంది. అదే నూనెను పైపులతో బయటికి తెచ్చి వెనక కట్టిన రోటోవేటరును తిప్పుకోవచ్చు, మొద్దులు చీల్చే యంత్రాన్నీ నడపొచ్చు. ఆ బళ్లకు పోసేది ఇంజినాయిల్. పక్కింటాయన హైడ్రోకు పోసేది వేరు కావొచ్చు. అరువు తెచ్చుకునేముందు అడగాలి.

ఏ బండికి ఏ నూనె

ఇదొక్కటి తప్పితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. కొన్ని పాత హైడ్రోలకు ఆటోమేటిక్ కార్లలో పోసే ఏటీఎఫ్ పోయాలి, కొన్నిటికి మామూలు ఇంజినాయిల్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బళ్లకు ఆ కంపెనీ సొంతంగా రూపొందించిన హైట్రాన్. ఒకే కంపెనీ బళ్లలో కూడా ఏడాది మారితే, లోపలి పంపు మారితే నూనె మారిపోతుంది. వీల్ హార్స్ బళ్లలో కొన్నిటికి సండ్‌స్ట్రాండ్ పంపు, కొన్నిటికి ఈటన్ పంపు ఉండటమే దీనికి సాక్ష్యం. అందుకే బండి పేరు కాదు, సీటు కింద రేకు మీది మోడల్ నంబరు, దాని మాన్యువల్ చూడాలి. ఏటీఎఫ్‌కు ఎర్ర రంగు కలిపేది కారు కింద మరక పడితే అది ఇంజినుదా, గేరుబాక్సుదా అని ఇట్టే తెలియడానికి. ఆ ఎరుపు ఇక్కడా పనికొస్తుంది. ఎర్రనూనె ఉండాల్సిన బండిలో నల్లనూనె కనిపిస్తే పాత యజమాని చెయ్యి తెలిసిపోతుంది.

చాపకింద నీరు

డిప్‌స్టిక్ మీద నూనె పాలటీలా కనిపించిందా? నీళ్లు చేరాయని అర్థం. బండిని వానలో వదిలేస్తే లీవరు సందుల్లోంచీ, మూత అంచుల్లోంచీ నీళ్లు దిగొచ్చు. అంతకంటే మోసకారి దారి ఇంకోటి ఉంది. పని చేసినప్పుడు పెట్టె వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది, లోపలికి పీల్చుకున్న గాలిలోని తేమ గోడలమీద చెమటలా పట్టి నూనెలోకి జారుతుంది. హైట్రాన్ లాంటి నూనెలు కొద్దిపాటి నీటిని తమలోనే పట్టి ఉంచుతాయి, అది అడుగున చేరి ఇనుమును తుప్పు పట్టించకుండా కాపాడతాయి. అలా పట్టినప్పుడే పాలరంగు వస్తుంది. అంటే ఆ రంగు నూనె చెడ్డదని కాదు, తన పని తాను చేసిందని. ఇక దాన్ని సెలవు మీద పంపాల్సింది మనమే. మొదటిసారి మార్చాక కొన్ని గంటలు నడిపి రెండోసారీ మార్చితేనే మూలల్లో మిగిలింది పోతుంది.

వెంట్రుకంత శత్రువు కూడా కాదు

మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు కంటికి ఆనేది దాదాపు 40 మైక్రాన్ల దాకా. పిస్టనుకూ దాని రంధ్రానికీ మధ్య సందు అంతకంటే చాలా తక్కువ. అంటే హైడ్రోను పాడుచేసే ఇసుక రేణువు మన కంటికే కనపడదు. అందుకే అనుభవజ్ఞుల మొదటి పనిముట్టు స్పానరు కాదు, బ్రష్షు. నూనె మూత తీసేముందు చుట్టూ ఉన్న గడ్డి, మట్టి, గ్రీజు పొక్కులన్నీ గీకి, కడిగి, ఆరనిచ్చి, అప్పుడు మూత మీద చెయ్యేస్తారు. గరాటా కూడా కొత్తగుడ్డతో తుడుస్తారు. ఆ గుడ్డ దూది పోగులు రాల్చనిదై ఉండాలి.

కవల పిల్లల్లాంటి ఫిల్టర్లు

కారు ఇంజినుకు బిగించే ఆయిల్ ఫిల్టరూ హైడ్రో ఫిల్టరూ పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. మర కూడా ఒకటే కావొచ్చు, చక్కగా బిగుసుకుంటుంది. తేడా లోపల ఉంది. కారు ఫిల్టరులోకి పంపు నూనెను తోస్తుంది. చాలా హైడ్రోల్లో ఫిల్టరు పంపుకు ముందే ఉంటుంది, పంపు దానిలోంచి నూనెను పీల్చుకోవాలి. పీల్చేదారిలో అడ్డు ఎక్కువైతే పంపు దాహంతో అల్లాడుతుంది. వడపోత ఎంత సన్నం, లోపలి బైపాస్ ఎప్పుడు తెరుచుకోవాలి అన్నవీ వేరే. అందుకని ఫిల్టరును కంటితో కాదు, నంబరుతో కొనాలి.

నూనె మార్చే రోజు

ఈ పనిని దగ్గరగా చూద్దాం. బండిని పావుగంట నడిపి నూనె గోరువెచ్చగా అయ్యాక ఆపాలి. చల్లటి నూనె మురికిని అడుగునే వదిలేసి వస్తుంది. చదునైన నేలమీద ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనకభాగాన్ని జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద దించాలి. జాకీని నమ్ముకుని కింద దూరకూడదు. అడుగు బోల్టు విప్పి నూనెను తెల్లటి పళ్లెంలోకి వదిలితే రోగ నిర్ధారణ కూడా అయిపోతుంది. పాలరంగు నీళ్లకు గుర్తు. నల్లగా మాడువాసన వస్తే బాగా వేడెక్కింది. ఎండలో పట్టుకుంటే వెండి, ఇత్తడి మెరుపులు తేలితే లోపల ఏదో అరుగుతోంది.

కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకు వేలితో నూనె రాసి చేత్తోనే బిగించాలి. గుర్తుదాకా నూనె పోశాక, వెనక చక్రాలు గాల్లో ఉండగానే ఇంజిను స్టార్ట్ చేసి నిదానంగా తిరగనివ్వాలి. ఇప్పుడు లీవరును కొద్దిగా ముందుకు, మళ్లీ మధ్యకు, కొద్దిగా వెనక్కు, మళ్లీ మధ్యకు. ఇలా ఐదారుసార్లు. మొదట్లో చక్రాలు ఆగి ఆగి తిరుగుతాయి, పంపు గరగరలాడుతుంది. లోపల చిక్కిన గాలి బయటపడేకొద్దీ గరగర తగ్గి సన్నటి ఈలలా మారుతుంది. ఇంజిను ఆపి చూస్తే నూనె మట్టం దిగి ఉంటుంది. మళ్లీ పోయాలి. మట్టం నిలబడేదాకా ఇదే వరస. ఈ ఓపిక లేకుండా నూనె పోసీ పోయగానే బండెక్కి లీవరు నెట్టేస్తే పంపు ఎండుగొంతుతో పరిగెత్తాల్సి వస్తుంది.

గాలి ఎందుకు అంత చేటు?

నూనెను వెయ్యి పీఎస్ఐ ఒత్తిడితో నొక్కినా దాని పరిమాణం తగ్గేది నూటికి అర వంతు. ఇనుపకడ్డీలా బలాన్ని అటునుంచి ఇటు చేరుస్తుంది. అందులో గాలిబుడగలు కలిస్తే కడ్డీ కాస్తా స్పంజి అవుతుంది. లీవరు నెడితే బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంది. ఒత్తిడికి చిట్లిన ప్రతి బుడగా లోహం మీద చిన్న సుత్తిదెబ్బ వేస్తుంది. నూనె తెల్లగా నురగ కట్టినా, మట్టం సరిగ్గా ఉన్నప్పటికీ పంపు ఏడుస్తున్నా, పీల్చేదారిలో ఏదో సీలు ఎండిపోయి గాలి లాగుతోందని అర్థం. అక్కడ నూనె బయటికి కారదు కాబట్టి మరక కోసం వెదికితే దొరకదు.

పెద్ద పంపు వెనక చిన్న పంపు

పిస్టన్ల సందుల్లోంచి కొంచెం నూనె ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఆ కారడమే లోపలి భాగాలకు తడి. అలా తగ్గిన నూనెను ఎప్పటికప్పుడు భర్తీ చేసేది చార్జి పంపు అనే చిన్న పంపు. జాన్ డీర్ 140 లాంటి బళ్లలో గడ్డికోత బ్లేడ్ల పెట్టెను పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టుకూ నూనె అక్కడినుంచే వస్తుంది. అందుకే అలాంటి బండి కదలనంటే ముందు లిఫ్టు ఎత్తి చూస్తారు. లిఫ్టు పనిచేస్తూ బండి కదలకపోతే చార్జి పంపు తప్పు కాదు, వెదకాల్సింది మిగతాచోట్ల. రెండూ మొండికేస్తే నూనె మట్టం, ఫిల్టరు, పంపును తిప్పే షాఫ్టు, చార్జి పంపు ఈ వరసలో చూడాలి.

ఎలుకల కాపురం

హైడ్రోకు ఎండకంటే సొంత వేడి ప్రమాదం. ఆ వేడిని తీయడానికి పంపు షాఫ్టు మీద ఒక ఫ్యాను, పెట్టె ఒంటిమీద రెక్కల్లాంటి గీతలు ఉంటాయి. గడ్డి తురుము నూనె జిడ్డుకు అంటుకుని ఆ గీతలమీద దుప్పటిలా పేరుకుంటుంది. చలికాలం షెడ్డులో పెట్టిన బండైతే ఆ వెచ్చటి మూలలో ఎలుకలు గూడు కడతాయి. నూనె వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే అది చెడిపోయే వేగం రెట్టింపవుతుందన్నది ఇంజనీర్ల స్థూల లెక్క. ఏడాదికి ఒకసారి సీటు కింది రేకు విప్పి బ్రష్షుతో శుభ్రం చేయడానికి అరగంట పడుతుంది. ఒక్క రెక్క విరిగిన ఫ్యాను కూడా వెంటనే మార్చాల్సిందే.

నెమ్మదిగా పోవాలన్నా ఇంజిను మాత్రం జోరుగానే

కారు నడిపేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. నెమ్మదిగా పోవాలంటే యాక్సిలరేటరు తగ్గించి లీవరు పూర్తిగా నెడతారు. హైడ్రోకు ఇది తిరగేసి చేయాలి. ఇంజిను పూర్తి వేగంతో తిరగాలి, బండి వేగాన్ని లీవరుతోనే తగ్గించాలి. ఇంజిను నిదానిస్తే ఫ్యాను నిదానిస్తుంది, చార్జి పంపు తోసే నూనె తగ్గుతుంది, కోత బ్లేడ్లూ గడ్డిని కోయకుండా పీకుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముక్కితే లీవరును వెనక్కి లాగాలి. పళ్లెం వాలు తగ్గితే అదే ఇంజినుకు ఎక్కువ పట్టు దొరుకుతుంది. సైకిలు మీద గుట్ట ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసుకున్నట్టే.

ఇంటిదొంగ

పొద్దున్నే బండి గుర్రంలా ఉరుకుతుంది. గంట గడిచాక చిన్న మిట్ట ఎక్కడానికి ఆయాసపడుతుంది. కింద చుక్క మరక లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. పిస్టన్లు, వాటి కింది పలకలు అరిగితే నూనె చక్రాల మోటారు దాకా పోకుండా లోపలే అడ్డదారిన జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి సందులను పూడుస్తుంది. వేడెక్కి పలచబడగానే దొంగ బయటపడతాడు. కాస్త చిక్కటి నూనె పోసి కొన్నాళ్లు లాగేవాళ్లున్నారు. అది మందు కాదు, నొప్పి బిళ్ల.

పంపు మీద నింద వేసేముందు

'హైడ్రో పోయింది' అని పాతసామానుకు వేసిన బళ్లలో కొన్నిటికి అసలు హైడ్రో జబ్బే లేదు. బెల్టుతో నడిచే రకమైతే సాగిపోయిన బెల్టు జారుతూ ఉండొచ్చు. షాఫ్టు రకమైతే కలిపే పిన్ను తెగి ఉండొచ్చు. చక్రం హబ్బులోని వేలంత ఇనుప 'కీ' విరిగితే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు. అన్నిటికంటే విడ్డూరం, ఎవరో బండిని నెట్టడం కోసం తెరిచిన, నూనెకు పక్కదారి ఇచ్చే బైపాస్‌ను మూయడం మరిచిపోవడం. ఈ నాలుగూ చూశాకే పంపు విప్పాలి.

తాడు కట్టి లాగకండి

ఆగిపోయిన హైడ్రో బండిని తాడు కట్టి లాగితే చక్రాలు మోటారును తిప్పుతాయి. మోటారు కాస్తా పంపుగా మారి నూనెను తోస్తుంది. ఇంజిను ఆగి ఉంది కాబట్టి చార్జి పంపు కొత్త నూనె ఇవ్వదు. పోవడానికి దారిలేని నూనె వేడెక్కుతుంది, లోహం లోహాన్ని రాసుకుంటుంది. అందుకే చాలా బళ్లకు బైపాస్ ఉంటుంది. కబ్ క్యాడెట్‌లో అయితే పైన రెండు చిన్న పొడుచుకొచ్చిన మీటలు, అవి నొక్కితే నూనె అటూ ఇటూ తేలిగ్గా తిరుగుతుంది. అదికూడా షెడ్డులో నాలుగడుగులు జరపడానికే గానీ రోడ్డు మీద లాక్కుపోవడానికి కాదు.

టేపూ ముప్పే

కుళాయి బిగించేటప్పుడు మరకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు హైడ్రో దగ్గరికి రాకూడదు. దాని పీలికలు తెగి నూనెలో కలిసి సన్నటి రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. జిగురు పేస్టు ఎక్కువ రాసినా అంతే, లోపలివైపు ఉబ్బిన ముద్ద ఎప్పుడో ఊడిపడుతుంది.

వేలితో వెదకొద్దు

ఒత్తిడి మీదున్న పైపుకు సూదిమొనంత బెజ్జం పడితే అందులోంచి చిమ్మే నూనె కంటికి కనపడకపోవచ్చు, చర్మాన్ని మాత్రం దూసుకుపోతుంది. మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది. కానీ అది వెంటనే సర్జను దగ్గరికి పరుగెత్తాల్సిన గాయం, ఆలస్యమైతే వేలే పోవచ్చు. లీకు వెదకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి.

దున్నడానికి అది, కోయడానికి ఇది

నూనె ద్వారా పంపే బలంలో కొంత వేడిగా పోతుంది. మంచి గేరుబాక్సు దాదాపు అంతా చక్రాలకు చేర్చేచోట హైడ్రో చెప్పుకోదగ్గ వంతు పోగొట్టుకుంటుంది. అందుకే అమెరికాలో పాతబళ్లవాళ్లంతా చేరి సరదాగా పొలం దున్నుకునే రోజుల్లో గేరు బండి యజమానులు హైడ్రోవాళ్లను ఆటపట్టిస్తారు. చెట్ల చుట్టూ గడ్డి కోయడానికి, నిమిషానికి పదిసార్లు ముందుకూ వెనక్కూ పోతూ మంచు తోయడానికి వచ్చేసరికి నవ్వే వంతు హైడ్రోవాళ్లది.

మన పొలంలోనూ అదే

ఇదంతా సముద్రాలవతలి ముచ్చట అనుకుంటున్నారా? వరికోతలప్పుడు మన మాగాణుల్లో తిరిగే చైన్ మిషన్లలో చాలావాటిని నడిపేది హైడ్రోస్టాటిక్ పంపూ మోటారే. బురదలో డ్రైవరు క్లచ్ తొక్కకుండా ఒక్క లీవరుతో మిషన్ను ముందుకు, వెనక్కు ఆడించేది అందుకే. ఇక చెరువు పూడికతీతలో చూసే ప్రతి తవ్వే యంత్రాన్నీ మనం 'పొక్లెయిన్' అంటాం కదా, అది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ఆ పేరుతో ఇప్పుడున్న సంస్థ ముఖ్యంగా చేస్తున్నది హైడ్రోస్టాటిక్ మోటార్లే.

కదలకుండా ఉండటమూ పనే

పాత హైడ్రోకు వచ్చే జబ్బుల్లో సర్వసాధారణమైనది పాకుడు. లీవరు నడిమధ్య ఉన్నా బండి నత్తలా ముందుకో వెనక్కో పాకుతుంది. కారణం చాలాసార్లు పంపులో ఉండదు, లీవరుకూ పళ్లేనికీ మధ్య ఉన్న కడ్డీల్లో ఉంటుంది. కబ్ క్యాడెట్లలో పళ్లేన్ని తిప్పే ఇరుసు చివర ఒక గాడి ఉంటుంది. ఏళ్ల తరబడి పిన్ను రాసుకుని ఆ గాడి వెడల్పవుతుంది. అప్పుడు లీవరు కదిలినా పళ్లెం కదలదు, కదిలితే ఒక్కసారిగా కుదుపుతో వాలుతుంది. అరిగిన గాడిని వెల్డింగుతో నింపి, ఆకురాయితో మళ్లీ పిన్ను కొలతకు రాస్తారు. ఒక సాయంత్రం పని.

తర్వాత వెనక చక్రాలు గాల్లో ఉండగా ఇంజినును పూర్తి వేగంతో తిప్పి, సర్దుబాటు నట్టును పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ చూడాలి. చక్రం ముందుకు పాకుతుంది, ఆగుతుంది, వెనక్కి పాకుతుంది. ఆ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట ఇంజిను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతున్నా, దిమ్మలోని పిస్టన్లన్నీ గిర్రున పరిగెడుతున్నా, టైరు మీద సుద్దముక్కతో గీసిన గీత ఉన్నచోటే ఉండిపోతుంది. నట్టు అక్కడ బిగించి బండిని కిందికి దించాలి.